ఎరువు కుప్పలో వేడిని కోరే బ్యాక్టీరియా

ప్రశ్న: కంపోస్టు కుప్పను తిరగేస్తే లోపలినుంచి ఆవిరి వస్తుంది. అంత వేడిలో బతికే బ్యాక్టీరియా కనిపిస్తే, అది కొత్త జాతి అని ఎలా నిర్ధారిస్తారు?

జవాబు: ఆకులనూ పేడనూ కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పుట్టించే వేడివల్లనే కుప్ప నడిమి భాగం 60-70 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. అక్కడి ఎరువును శుద్ధమైన నీటిలో పలుచన చేసి, అగార్ (సముద్రపు నాచునుంచి తీసే జెల్లీ లాంటి పదార్థం) పోసిన పళ్లేలపై పూసి, 60 డిగ్రీల వద్ద ఇంక్యుబేటర్‌లో ఉంచుతారు. పళ్లేన్ని సంచిలో చుట్టడం మరచిపోతే అగార్ అప్పడంలా ఎండి ముడుచుకుపోతుంది. విడిగా మొలిచిన కాలనీని (బ్యాక్టీరియా గుంపును) కొత్త పళ్లేలపై పదేపదే గీసి శుద్ధి చేశాక, దాని 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువు (బ్యాక్టీరియాలన్నిటిలోనూ ఉండేది) క్రమాన్ని తెలిసిన జాతులతో పోలుస్తారు. పోలిక 98.7 శాతంకంటే తక్కువైతే అది కొత్త జాతి కావచ్చు. ఎక్కువైనంత మాత్రాన పాతదేనని తీర్మానించకుండా, మొత్తం జీనోములను (జీవిలోని జన్యు సమాచారమంతటినీ) పోల్చి, సగటు సారూప్యం 95-96 శాతానికి దిగువన ఉందేమో చూడాలి. దొరికిన చోటు కొత్తదైతే జీవి కూడా కొత్తదే అనుకోవడం తొందరపాటు: వేడినీటి ఊటల్లో పేరుపడ్డ థర్మస్ బ్యాక్టీరియా కంపోస్టులోనూ ఉన్నట్లు 1996లో ప్రచురితమైంది. కణపొరలోని కొవ్వు ఆమ్లాలు, పెరిగే ఉష్ణోగ్రతల హద్దులు కూడా నమోదు చేసి, రెండు వేర్వేరు దేశాల్లోని సూక్ష్మజీవుల భాండాగారాలలో దాని నమూనాను భద్రపరచాకే కొత్త పేరుకు గుర్తింపు లభిస్తుంది.