భర్త మోసం చేశాడు.. ఇప్పుడు నిద్రమాత్ర లేకపోతే నిద్రే రావడం లేదు

ప్రశ్న: నా వయసు 38. మాది పర్లాకిమిడి. మా ఆయనకు రెండేళ్లుగా వేరొకామెతో సంబంధం ఉందని నాలుగు నెలల కిందట తెలిసింది. తప్పయిపోయింది, మానేశానంటున్నాడు. పిల్లల కోసం ఒకే ఇంట్లో ఉంటున్నాం. రాత్రి రెండింటికి మెలకువ వస్తే తెల్లవార్లూ అవే ఆలోచనలు. ఆరు కిలోలు తగ్గాను. ఇంట్లో మిషన్ కుట్టేదాన్ని, ఇప్పుడు దాన్ని ముట్టబుద్ధి కావడం లేదు. తెలిసినవాళ్లు చూస్తారని పాతపట్నం వెళ్లి మెడికల్ షాపులో అల్ప్రాజోలం తెచ్చుకుంటున్నా. మొదట ఒకటి సరిపోయేది, ఇప్పుడు రెండు వేసుకుంటున్నా. ఒక్కోసారి పొద్దున లేవకపోతే బాగుణ్ణనిపిస్తుంది. ఆయన్ని క్షమించాలా? నేను మళ్లీ మామూలు మనిషిని ఎలా అవుతాను?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీరు క్షమించడం గురించి అడిగారు. నాకు మాత్రం రెండు మాటల దగ్గరే భయం వేసింది: మాత్రలు రెండయ్యాయి, లేవకపోతే బాగుణ్ణనిపిస్తోంది. ముందు వాటి సంగతి చూద్దాం.

పొద్దున లేవకూడదన్న ఆలోచన వచ్చినప్పుడు ఒంటరిగా ఉండకండి. 14416 కి ఫోన్ చేయండి. ఇది ప్రభుత్వం నడిపే టెలీ మానస్. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన గట్టిపడుతుంటే ఫోన్‌తో ఆగకండి, ఎవరినైనా తోడు తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఇవాళే మీ అమ్మగారికో అక్కకో అప్పగించి, ఏ రోజువి ఆ రోజు అడిగి తీసుకోండి.

అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది నాలుగు మాత్రలున్న స్ట్రిప్పు ముక్క పట్టుకొస్తారు. పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఏం మింగుతున్నారో వాళ్లకే తెలియదు. ఈ మందు కొన్ని వారాలు వరుసగా వాడితే ఒంటికి అలవాటు పడి, అదే నిద్రకు ఇంకో మాత్ర కావాల్సి వస్తుంది. మీకు జరుగుతున్నది అదే కావచ్చు. నేనిలా రాశానని రేపే మానేయకండమ్మా. ఉన్నట్టుండి ఆపితే వణుకు, విపరీతమైన కంగారు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరు చూసి, మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఈలోగా ఇంకో మాత్ర పెంచొద్దు, దగ్గు మందులూ నొప్పి మాత్రలూ సొంతంగా కలపొద్దు. నాలుగు నెలలు ఆగారు. ఆ మొదటి నెలలోనే వచ్చి ఉంటే ఈ చిక్కు ఉండేది కాదు.

మీరు అడగనిది ఇంకొకటి చెప్పాలి. హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు చేయించుకోండి. ఆయన ఏం చెప్పినా సరే. సిఫిలిస్ ఒంట్లో ఉండి కూడా ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు, తెలిస్తే మాత్రం పెన్సిలిన్‌తో నయమవుతుంది. జిల్లా ఆసుపత్రిలోని ఐసీటీసీలో, అంటే సలహా ఇచ్చి పరీక్ష చేసే ప్రభుత్వ కేంద్రంలో, హెచ్ఐవీ పరీక్ష ఉచితం. వివరాలు బయటపెట్టకూడదని 2017 చట్టమే ఉంది. ఊళ్లో మొహమాటమైతే శ్రీకాకుళం వెళ్లండి. మీరిద్దరూ చివరిసారి కలిసి మూడు నెలలు నిండకపోతే, నిండాక మళ్లీ ఒకసారి చేయించాలి. ఇద్దరి రిపోర్టులూ చూసేదాకా కండోమ్ లేకుండా దగ్గరవ్వొద్దు.

ఆరు కిలోలు తగ్గడం దిగులు వల్ల కావచ్చు, థైరాయిడో షుగరో కూడా కావచ్చు. రక్తపరీక్ష చేయిస్తే తేలుతుంది. మిగతా లక్షణాలు డిప్రెషన్‌లా కనిపిస్తున్నాయి. మిమ్మల్ని చూడకుండా తేల్చి చెప్పను. సైకియాట్రిస్టు మందు రాస్తే అది పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారానికే గుణం లేదని ఆపేయకండి.

ఇక క్షమించడం. అది మీరు, మీరొక్కరే తేల్చుకోవాల్సింది. నిద్ర లేని తలతో ఇప్పుడు తేల్చకండి, ఎవరు తొందర పెట్టినా సరే. విడిపోవాలనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తుంది.

మామూలు మనిషి కావడం అన్నారు కదా, మిషన్ దగ్గర మొదలుపెట్టండి. ఇష్టం పుట్టేదాకా ఆగితే అది పుట్టదు. మొదటి రోజు మిషన్ దుమ్ము తుడిచి దారం ఎక్కించండి, చాలు. మర్నాడు ఒక జాకెట్టుకు చేతులు కుట్టండి. మాత్ర మత్తు దిగాక, పగటిపూటే కూర్చోండి, లేదంటే సూది వేలికి దిగుతుంది.

ఈ వారంలోనే ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు వాడేసినవి, మిగిలినవి, స్ట్రిప్పు ముక్కలన్నీ ఒక కవరులో వేసుకెళ్లండి. పేరు తెగిపోయినవి కూడా.