గుర్రాల, పశువుల జబ్బుల మీద పరిశోధన వల్ల రైతుకు ఒరిగిందేమిటి?

గుర్రాలకూ పాడి పశువులకూ వచ్చే జబ్బుల మీద బెంగళూరులో ఇన్ని సంస్థలు పరిశోధన చేస్తున్నాయి కదా, అక్కడ రోజూ జరిగే పని ఏమిటి, నాలుగు ఆవులున్న రైతుకు దానివల్ల ఏం ఒరిగింది అని అడిగారు. నాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. చాలా కాలంగా ఇక్కడ బెంగళూరులో హెబ్బాళ వైపు ఒక ల్యాబ్‌లో నమూనాలు తెచ్చి పరీక్షించే పని చేస్తున్నాను. నన్నడిగితే చాలానే ఒరిగింది. కానీ ఆ పరిశోధన అంతా పశువుల పాకలోంచి వచ్చే నమూనా మీద నిలబడి ఉంది. అది సరిగ్గా రాకపోతే ఎంత ఖరీదైన మిషన్ ఉన్నా దాంట్లో పెట్టడానికి ఏమీ ఉండదు. ఈ సంగతి బయటివాళ్లకు ఎవరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పశువుల నోట్లోనూ గిట్టల దగ్గరా పుండ్లు పడే గాలికుంటు జబ్బునే తీసుకోండి. కర్ణాటకలోని చింతామణి, బాగేపల్లి పల్లెల్లో చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు కాబట్టి, అటునుంచి కబురొస్తే తరచుగా నన్నే పంపుతారు. పాకలో అడుగు పెట్టకముందే ఆవు నోరు చప్పరించే చప్పుడు వినిపిస్తుంది. చొంగ నేల దాకా సాగుతూ ఉంటుంది. ఒక కాలు పైకెత్తి విదిలిస్తూ, మేత వైపు చూసి కూడా ముట్టదు. నాలుక పక్కకు లాగి పట్టుకుంటే పైపొర దానంతటదే లేచి చేతికి వస్తుంది, కింద ఎర్రగా పచ్చి పుండు. ఆ పొర ఒక గ్రాము దొరికితే మాకు చాలు. సగం గ్లిజరిన్, సగం ఫాస్ఫేట్ బఫర్ కలిపిన సీసాలో వేసి ఐస్ పెట్టెలో పెడతాం. ఈ వైరస్‌కు పులుపు అస్సలు పడదు, ఆమ్లం తగిలితే చచ్చిపోతుంది. అందుకే ఆ ద్రావణం పిహెచ్ 7.2కీ 7.6కీ మధ్య ఉండేలా చూస్తాం. మేం వెళ్లేలోపు పుండ్లకు ఏం పూశారని ముందుగా అడిగేది కూడా ఇందుకే.

ఒకసారి ఒక అక్క, "మందిచ్చేసి పోండి సార్, ఈ పొరలూ గిరలూ మీకెందుకు?" అని గట్టిగానే అడిగింది. పొద్దున పాలు సగానికి పడిపోయాయి, డెయిరీ వాయిదా కట్టాలి. ఆమె కోపం న్యాయమే. "మందు డాక్టరు గారు ఇస్తారక్కా. ఈ వైరస్ మన దేశంలో మూడు రకాలు తిరుగుతా ఉంది. ఇప్పుడు మీ ఊరికి వచ్చింది ఏదో తెలిస్తేనే టీకా దానికి సరిపోతుందో లేదో చూడగలం" అని చెప్పాను. ఆ రకాలు ఓ, ఎ, ఏషియా-1. సి అనేది కూడా ఉండేది, 1995 తర్వాత మన దేశంలో కనబడలేదు. ఒక రకానికి వచ్చిన రోగనిరోధక శక్తి ఇంకో రకాన్ని ఆపదు. పైగా ఒకే రకంలోనూ వైరస్ మారుతూ ఉంటుంది. బయట తిరిగే వైరస్‌ను టీకాలో వాడే వైరస్‌తో ఎప్పటికప్పుడు సరిపోల్చాలి. ఆ సరిపోల్చే పనికి ఆధారం ఇలా పాకల్లో తీసిన పొరలే.

2019 సెప్టెంబరులో కేంద్రం గాలికుంటు, చూడి పశువులు ఈసుకుపోయే బ్రూసెల్లా జబ్బుల నివారణకు 13,343 కోట్ల రూపాయలతో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. చెవికి 12 అంకెల ట్యాగు వేసి ఆరు నెలలకోసారి టీకా వేస్తున్నది దాని కిందే. టీకా బలం ఎక్కువ కాలం నిలవదు కాబట్టి ఆరు నెలల లెక్క. ఈ సందర్భంలో పరిశోధకులు తేల్చిన ఒక చక్కని సంగతి చెప్పాలి. టీకా వేసిన పశువు రక్తంలోనూ, జబ్బు తగిలిన పశువు రక్తంలోనూ యాంటీబాడీలు ఉంటాయి. రెండింటినీ వేరు చేయడం ఎలా? వైరస్ ఒంట్లో పెరిగేటప్పుడు మాత్రమే కొన్ని ప్రోటీన్లు తయారవుతాయి. శుద్ధి చేసిన టీకాలో అవి ఉండవు. రక్తంలో వాటికి యాంటీబాడీలు కనిపిస్తే ఆ పశువును జబ్బు నిజంగా తాకినట్టు. ఈ పరీక్ష లేకపోతే టీకాలు వేస్తున్న జిల్లాలో వైరస్ ఇంకా తిరుగుతోందో లేదో చెప్పే దారే ఉండేది కాదు.

ఇదంతా చివరికి ఎక్కడికి చేరుతుందో తెలియాలంటే మీ ఊళ్లో పెద్దవాళ్లను ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) గురించి అడగండి. మందలకు మందలు తుడిచిపెట్టుకుపోయేవి. కెన్యాలో వాల్టర్ ప్లౌరైట్ అనే శాస్త్రవేత్త ల్యాబ్‌లో పెంచిన కణాల్లో తయారుచేసిన టీకా, ఊరూరా తిరిగి వేసినవాళ్ల కష్టం, ఆ తర్వాత టీకాలు ఆపి ఎక్కడైనా ఒక్క కేసు మిగిలిందా అని ఏళ్ల తరబడి వెతికిన ఓపిక, ఇవన్నీ కలిసి 2006లో మన దేశాన్ని, 2011లో ప్రపంచాన్ని ఆ జబ్బు నుంచి విముక్తం చేశాయి. మశూచి తర్వాత భూమ్మీద లేకుండా పోయిన రోగం అదొక్కటే. ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక గుర్రాలు. గుర్రమంటే రేసుకోర్సు, డబ్బున్నవాళ్ల వ్యవహారం అనుకుంటారు. రేసు గుర్రానికి సొంత డాక్టరు ఉంటాడు. పెళ్లి ఊరేగింపు గుర్రానికీ, ఇటుకలు మోసే గాడిదకూ ఎవరూ ఉండరు, నా ఆరాటం వాటి గురించే. వీటికి వచ్చే గ్లాండర్స్ అనే జబ్బు మనుషులకూ అంటుతుంది, ప్రాణం తీస్తుంది. ముక్కులోంచి చిక్కటి చీమిడి, చర్మం కింద వరసగా గడ్డలు, అవి పగిలి పుండ్లు. పాత పద్ధతిలో మాలిన్ అనే పరీక్ష ద్రవాన్ని కింది కనురెప్పలో కొద్దిగా ఎక్కిస్తారు. జబ్బు ఉంటే 48 గంటల్లో రెప్ప వాచి కన్ను మూసుకుపోతుంది. ఇప్పుడు రక్త పరీక్షలే ఎక్కువ. హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ పనిలో దేశానికంతటికీ పెద్దదిక్కు. దీనికి టీకా లేదు. జబ్బు తేలితే చట్టప్రకారం ఆ జంతువును చంపేయాల్సిందే. అందుకని రక్తం తీస్తామంటే గుర్రపువాడు భయపడి తాడు విప్పుకుని వెళ్లిపోతాడు. అతని కుటుంబానికి అదొక్కటే జీవనాధారం మరి. పరిహారం చేతికి త్వరగా అందేలా చేయడం కూడా జబ్బు నివారణలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

సర్రా గురించి ఒక్క ముక్క. జోరీగలు కుట్టడం వల్ల వచ్చే ఈ జబ్బుకు కారణమైన పరాన్నజీవిని 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే సైనిక పశువైద్యుడు అప్పటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల, ఒంటెల రక్తంలో కనిపెట్టాడు. గుర్రాల కోసం మొదలైన ఆ వెతుకులాట ఈనాడు మన గేదెలకు పనికొస్తోంది. పాముకాటుకు వేసే మందు తయారయ్యేది కూడా గుర్రం రక్తంలోంచే, పొలం పనికెళ్లే రైతుకు ఇంతకంటే దగ్గరి సంబంధం ఏముంటుంది?

యలహంకలో నివేది అనే జాతీయ సంస్థ ఉంది. పాత కేసుల లెక్కలు, వాన, ఎండ, పశువుల సంఖ్య కలిపి, ఏ జిల్లాలో ఏ జబ్బు రావచ్చో రెండు నెలల ముందే చెబుతుంది. జీవాలు చచ్చినా ఎవరికీ చెప్పకుండా పూడ్చేస్తే ఆ చావు లెక్కలోకి ఎక్కదు. లెక్కలో లేని ఊరికి ముప్పు తక్కువని వస్తుంది. మీ ఊరికి టీకాలు ఆలస్యమయ్యాయంటే ఇదీ ఒక కారణం కావచ్చు.

కాబట్టి మీ ఇంట్లో పశువులుంటే రెండు విషయాలు. బాగున్న ఆవు ఉన్నట్టుండి చనిపోయి, ముక్కులోంచీ మలద్వారంలోంచీ గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే అది దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు. తోలు తీయకండి, కోయనివ్వకండి. కోస్తే గాలి తగిలి ఆ సూక్ష్మజీవి గట్టి బీజాలుగా మారి నేలలో దశాబ్దాలు బతికి ఉంటుంది. డాక్టరు వచ్చి చెవి నరం నుంచి ఒక్క చుక్క గాజుపలక మీద తీస్తే సరిపోతుంది. రెండోది, చూడి ఆవు నెలలు నిండకుండా ఈసుకుపోతే ఆ పిండాన్నీ మావినీ ఉత్త చేతులతో ముట్టుకోకండి, కుక్కలకు వేయకండి. అది బ్రూసెల్లా అయితే మీకూ జ్వరం, కీళ్ల నొప్పులు పట్టుకుంటాయి. పశువైద్య సాయం నంబరు 1962కు ఫోన్ చేసి డాక్టరు వచ్చేదాకా దాన్ని కప్పి ఉంచండి, పరీక్షకు పంపమని మీరే అడగండి. పెయ్య దూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసు మధ్య దీనికి టీకా వేస్తారు. మీ దూడకు వేశారో లేదో ట్యాగు నంబరు చెప్పి డాక్టరును అడిగితే చూసి చెబుతారు.