గుర్రాన్ని ఊరికే ఇస్తున్నా కాగితం రాసుకోవాలా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. పెళ్ళి ఊరేగింపులకు తిప్పే ఆడగుర్రం ఒకటి ఉంది. మూఢాలు, ఆషాఢం వస్తే బేరాలుండవు, మేత ఖర్చు మాత్రం తప్పదు. మా బావమరిది స్నేహితుడు ఆరు నెలలు మైపాడు బీచ్‌లో సవారీకి తిప్పుకుంటానని అడుగుతున్నాడు. అద్దె లేదు. దాణా, గడ్డి అతనిదే, వచ్చే డబ్బులూ అతనివే. పోయినేడు ఒక పెళ్ళిలో టపాకాయలకు బెదిరి ముందుకాళ్ళు ఎత్తేసింది గానీ, తర్వాత బాగానే ఉంది. మనిషి మంచివాడే, కాగితం అంటే నొచ్చుకుంటాడేమోనని టెన్షన్. బీచ్‌లో ఎవరైనా పడితే నా మీదికి వస్తుందా?

జవాబు: మీరు పోనీలే అన్నట్టు ఒక్క ముక్కలో రాసిన టపాకాయల సంగతే మీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైనది. అక్కడే మొదలుపెడతాను.

ఒకరి వస్తువును ఇంకొకరు కొన్నాళ్ళు వాడుకుని తిరిగిచ్చే ఏర్పాటును 1872 నాటి కాంట్రాక్టు చట్టం బెయిల్‌మెంట్ అంటుంది. చట్టం లెక్కలో గుర్రమూ వస్తువే. అందులో తనకు తెలిసిన లోపం ఏదైనా ఉంటే ఇచ్చేవాడు ముందే చెప్పాలని 150వ సెక్షన్ అంటుంది. ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ కూడా గుర్రానిదే. పొగరుమోతు గుర్రమని తెలిసీ ఆ మాట చెప్పకుండా ఒకడు ఎరువిచ్చాడు. అది పరుగందుకుంది, ఎక్కినవాడు కిందపడ్డాడు. నష్టం ఇచ్చినవాడే కట్టుకోవాలి. కాబట్టి కాగితంలో మొదటి మాట ఇలా ఉండాలి: 'ఈ గుర్రం టపాకాయల చప్పుడుకు బెదురుతుంది, పోయినేడు ఒకసారి ముందుకాళ్ళు ఎత్తింది, ఈ సంగతి తీసుకునేవారికి చెప్పడమైనది.' దాని కిందే అతని సంతకం.

బీచ్‌లో పిల్లవాడెవరైనా పడితే ముందు అడిగేది పగ్గం చేతిలో ఉన్నవాడినే. తన స్వాధీనంలో ఉన్న జంతువు విషయంలో తగిన జాగ్రత్త తీసుకోనివాడికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు గానీ, ఐదు వేల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. కానీ పరిహారం కోసం సివిల్ దావా వేసేవాళ్ళు యజమానిని కూడా పార్టీగా చేర్చకుండా వదలరు. బెదురు సంగతి దాచారని తేలితే అప్పుడు మీ తరఫున వాదించే లాయరుకు నోరు పెగలదు.

రెండో చిక్కు 'అద్దె లేదు' అన్న మాటలో ఉంది. అద్దెకిచ్చినవాడు తనకు తెలియని లోపానికి కూడా జవాబుదారీ. ఊరికే ఇచ్చినవాడికి తెలిసిన లోపం వరకే. మరి మీది ఊరికే ఇవ్వడమేనా? మీ గుర్రం మేత ఖర్చు అతను మోస్తున్నాడు, అదే ప్రతిఫలమని రేపు వాదించవచ్చు. నా మటుకు నాకు ఆ వాదన తీసిపారేసేది కాదు. ఊరికే ఇచ్చిన వస్తువును గడువు ఉన్నా ముందే వెనక్కి అడగవచ్చు. మీ మాట నమ్మి అతను ఏదైనా చేసి ఉండి, అందువల్ల అతని నష్టం పొందిన లాభాన్ని మించితే ఆ తేడా మాత్రం మీరు భరించాలి. ఇవన్నీ కోర్టులో తేల్చుకునేకన్నా, 'పదిహేను రోజుల ముందు చెప్పి ఎవరైనా విరమించుకోవచ్చు' అని మీరే రాసుకోండి.

దేనికి వాడాలో కూడా విడమరచాలి. మైపాడు బీచ్‌లో సవారీకి మాత్రమే, పెళ్ళిళ్ళకు, బండికి కాదు, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు, మిట్టమధ్యాహ్నం తిప్పకూడదు అని. ఒప్పుకున్నదానికి భిన్నంగా వాడితే, ఎంత జాగ్రత్తగా తోలినా, గుర్రానికి జరిగిన నష్టం అతనిదే. పుండు పడిన గుర్రాన్ని పనిలో పెడితే, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం తోలినవాడితోపాటు అందుకు ఒప్పుకున్న యజమానినీ పట్టుకుంటుంది. కాబట్టి నెలకొకసారి వెళ్ళి జీను కింద వీపు చూసి రండి.

అప్పగించే రోజు ఫోన్‌లో వీడియో తీయండి. నాలుగు కాళ్ళూ, లాడాలూ, పళ్ళూ, వీపూ కనబడాలి. కొనేటప్పుడు చూసే సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయో, నుదుటి చుక్క ఎలా ఉందో కాగితంలో రాయండి. ఫలానా గుర్రమేనని చెప్పడానికి అంతకన్నా మంచి గుర్తుండదు. జీను, కళ్ళెం లెక్క రాయడం మరవద్దు. బండలాగుడుకు ఎరువిచ్చిన ఒంగోలు గిత్త కుంటుతూ తిరిగొచ్చిందని ఒక రైతు మా ఆఫీసుకు వచ్చాడు. 'ముందునుంచీ కుంటేది' అన్నారు అవతలివాళ్ళు. పంపేరోజు మనవడు సరదాగా తీసిన వీడియో ఒక్కటే ఆయన్ని కాపాడింది.

కడుపునొప్పి వస్తే గుర్రం గంటల్లో పోగలదు. మిమ్మల్ని అడగకుండానే పశువుల డాక్టరును పిలిచే అధికారం అతనికి ఇవ్వండి. ఎంత ఖర్చు వరకు అతనిది, ఆపైన ఎవరిదో అంకె వేసి రాయండి. గ్లాండర్స్ లాంటి అంటురోగం అనుమానం వస్తే తెలియజేయాల్సిన బాధ్యత 2009 నాటి పశువుల అంటురోగాల చట్టం కింద దగ్గరున్నవాడికీ ఉంది. ఇన్సూరెన్స్ ఉంటే చోటు, వాడకం మారుతున్నాయని కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి, లేకపోతే క్లెయిమ్ దగ్గర తిప్పలు. ఈలోగా ఈనితే పిల్ల కూడా మీదే, కాంట్రాక్టు చట్టం 163వ సెక్షన్ ప్రకారం దాన్నీ అప్పగించాలి.

గడువు దాటినా తిరిగివ్వకపోతే, ఆ తర్వాత గుర్రానికి ఏమైనా అతనిదే బాధ్యత. ముందు స్పీడ్ పోస్టులో నోటీసు ఇప్పించండి. అమ్మేసుకున్నాడని తెలిస్తే నమ్మకద్రోహం కింద, అంటే న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద, ఫిర్యాదు ఇవ్వవచ్చు. స్టేషన్‌లో 'ఇది సివిల్ గొడవ' అని పంపేయడం మామూలే, చేతిలో కాగితం ఉంటే ఆ మాట అనడం కష్టం.

నోటిమాటగా చేసుకున్న ఒప్పందమూ చెల్లుతుంది, రుజువు చేసుకోవడమే కష్టం. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రెండు ప్రతులు రాయించి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించండి. ఒక సాక్షి మీ బావమరిదే కావాలి. కాగితం ప్రస్తావన కూడా ఆయన నోటే తెప్పించండి, 'మా బావకు లాయరు చెప్పాడంట' అని నా మీదికి నెట్టమనండి. ప్రయాణానికి తగినట్టుగా ఉందని పశువుల డాక్టరు సర్టిఫికెట్ తీసుకున్నాకే గుర్రాన్ని వ్యాన్ ఎక్కించండి. సంతకాలు అయ్యేదాకా పగ్గం మీ చేతిలోనే ఉండనివ్వండి.