డ్రైవర్ కోడ్‌లో కాలం లెక్క మార్చేముందు

అమ్మాయీ,

ఆశీస్సులు. మీ ఆఫీసులో పాత లైనక్స్ డ్రైవర్‌ను (పరికరాన్ని నడిపే ప్రోగ్రామును) కొత్త కెర్నెల్‌కు, అంటే లైనక్స్ మూలభాగానికి, తగ్గట్టు మార్చే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. సెకన్లను 32 బిట్ల సంఖ్యలో లెక్కపెట్టే పాత పద్ధతి 2038లో నిండిపోతుంది. అందుకే సమయం అడిగే పాత ఫంక్షన్ డూ_గెట్‌టైమ్‌ఆఫ్‌డే 5.0 కెర్నెల్‌తోనే పోయింది కాబట్టి, ఆ పేరున్న చోటల్లా కంపైలర్ ఆగిపోతుంది. ఎర్రర్ వచ్చిన ప్రతిచోటా 64 బిట్ల పేరు అతికించి ముందుకు సాగిపోకు. అక్కడ సమయం ఎందుకు అడిగారో ముందు తెలుసుకో. అసలు పనంతా అదే.

ఎక్కువగా నీకు కనిపించేది ఇది: హార్డ్‌వేర్‌కు ఆదేశం ఇచ్చే ముందు ఒకసారి, జవాబు వచ్చాక ఒకసారి గడియారం చూసి, ఒకదాంట్లోంచి మరొకటి తీసివేస్తారు. అక్కడ కావలసింది తేదీ కాదు, గడిచిన వ్యవధి. తేదీ చూపే గడియారాన్ని మధ్యలో ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారాన్ని సరిచేసే ఏర్పాటు) వెనక్కి జరిపితే తేడా మైనస్‌లోకి పోతుంది, టైమౌట్ లెక్క తప్పుతుంది. 2038 దాకా ఆగనక్కర్లేదు, ఈ తప్పు ఈరోజే జరగవచ్చు. అలాంటి చోట కేటైమ్_గెట్ వాడు, అది వెనక్కి నడవదు. తేడా కట్టడానికి కేటైమ్_యుఎస్_డెల్టా ఉంది. సెకన్లు, మైక్రోసెకన్లు విడివిడిగా తీసివేసి, చాలకపోతే అప్పు తెచ్చుకునే వరుసలన్నీ పోతాయి. ఈ మార్పులో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

నిజంగా తేదీ కావలసిన చోట, ఉదాహరణకు ఫర్మ్‌వేర్‌కు (పరికరం లోపలే ఉండే ప్రోగ్రాముకు) సమయం పంపేటప్పుడు, కేటైమ్_గెట్_రియల్_సెకండ్స్ సరిపోతుంది. ఫలితాన్ని 64 బిట్ల టైప్ అయిన టైమ్64_టిలోనే ఉంచు. పాత అలవాటుగా లాంగ్ టైప్‌లో పెడితే 32 బిట్ల యంత్రంలో పై సగం పోతుంది, పడ్డ శ్రమంతా వృథా. ఫర్మ్‌వేర్ వైపు 32 బిట్ల చోటే ఉందనుకో, అది అన్‌సైన్డ్ (మైనస్ విలువలు లేని) సంఖ్య అయితే 2106 దాకా నడుస్తుంది. ఆ సంగతి కామెంట్‌లో రాసిపెట్టు.

ఐఓసీటీఎల్ (ప్రోగ్రాములు డ్రైవర్‌కు ఆదేశాలిచ్చే దారి) ద్వారా బయటి ప్రోగ్రాములకు వెళ్లే స్ట్రక్చర్ జోలికి మాత్రం తొందరపడి వెళ్లకు. దాని సైజు మారితే ఇప్పటికే నడుస్తున్న ప్రోగ్రాములు పాడవుతాయి. పాతదాన్ని అలాగే ఉంచి, 64 బిట్ల రూపాన్ని కొత్త ఆదేశ సంఖ్యతో వేరే ప్యాచ్‌గా చేర్చు.

ల్యాప్‌టాప్‌లో కంపైల్ అయిందని సరిపెట్టుకోవద్దు. 32 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్‌కు తప్పకుండా బిల్డ్ చేసి చూడు. 64 బిట్ల సంఖ్యను మామూలు గుర్తుతో భాగిస్తే అక్కడ లింకర్ (కంపైలైన ముక్కలను కలిపే పనిముట్టు) ఒప్పుకోదు, డివ్_ఎస్64 ఫంక్షన్ వాడాలి. తర్వాత గడియారాన్ని 2038 జనవరి 19, మన సమయం ఉదయం 8:43కు పెట్టి రెండు నిమిషాలు ఆగు. 8:44:07 దాటగానే పాత టైప్ 1901 డిసెంబరుకు వెళ్లిపోతుంది. మీ పరికరాలు ఒకసారి గోడకెక్కితే పదిహేనేళ్లు దిగవని నువ్వే అన్నావు. అంటే ఇప్పుడు బిగిస్తున్నవి ఆ ఉదయం ఇంకా పనిచేస్తూనే ఉంటాయి. ఆ రెండు నిమిషాల లాగ్ నాకు పంపు, కలిసి చూద్దాం.

నీ పెదనాన్న