స్కాట్లాండ్ ఫుట్‌బాల్‌లో హైలాండ్ లీగ్ గెలిచినా బ్రోరా రేంజర్స్ జట్టు 2015లో పై లీగ్‌కి ఎందుకు వెళ్లలేకపోయింది?
టైటిల్ గెలిస్తే నేరుగా ప్రమోషన్ ఇవ్వలేదు కాబట్టి. స్కాట్లాండ్‌లో 2014-15లో మొదలైన ప్లేఆఫ్ పద్ధతి ప్రకారం కింది స్థాయి లీగ్‌లైన హైలాండ్, లోలాండ్ చాంపియన్లు ముందు తమలో తాము రెండు మ్యాచ్‌లు ఆడాలి. నెగ్గినవాళ్లు పై లీగ్ అయిన లీగ్ టూలో అడుగున, అంటే పదో స్థానంలో నిలిచిన జట్టుతో ఇంకో రెండు ఆడాలి. ఏడాదంతా ఓడిన జట్టుకి ఇలా రెండో అవకాశం దొరకడం నా దృష్టిలో అన్యాయమే.

బ్రోరా మొదటి గండం దాటింది. లీగ్ టూలో అడుగున నిలిచిన మాంట్రోజ్‌ని సొంత మైదానంలో 1-0తో ఓడించింది కూడా. కానీ అవతలి ఊళ్లో 3-1తో ఓడింది. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపితే మాంట్రోజ్‌కి 3, బ్రోరాకి 2. ఒక్క గోల్‌తో పోయింది! మరుసటి ఏడాది ఎడిన్‌బరో సిటీ ఇదే దారిలో ఈస్ట్ స్టర్లింగ్‌షైర్‌ని కిందికి దించి, తాను పైకెళ్లింది.