మూడో తరగతి పిల్లలకు ఇంటర్నెట్ జాగ్రత్తలు ఎలా నేర్పాలి?

తిరుపతి బడిలో కంప్యూటర్లు లేకుండా ఇవి నేర్పవచ్చా అని మీరు అడిగారు. నిస్సందేహంగా నేర్పవచ్చు, నల్లబల్ల చాలు. మన ఊరి పిల్లలకు దర్శనం టికెట్ల సంగతి తెలుసు కదా, అక్కడే మొదలుపెట్టండి. దేవస్థానం అసలు వెబ్‌సైటు చిరునామా ‘ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’తో ముగుస్తుంది. ‘గవ్ డాట్ ఇన్’ ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. అది మధ్యలో వచ్చి, చివర ‘డాట్ కామ్’ ఉంటే నకిలీదే. రెండూ బల్లమీద రాసి తేడా పట్టుకోమనండి, పిల్లలు ఎంత ఉత్సాహంగా వెతుకుతారో!

ఫోనుకు వచ్చే రహస్య సంఖ్య ఓటీపీ, ఇంటి తాళంచెవి లాంటిదని చెబితే వెంటనే అర్థమవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, పొరపాటున ఏదైనా నొక్కామని చెప్పిన పిల్లలను తిట్టకపోవడం. తిడితే మరోసారి దాచేస్తారు. ఈ మాట తల్లిదండ్రులకూ గట్టిగా చెప్పండి. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, ఎవరైనా వేధిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి వెంటనే ఫోను చేయాలని డైరీలో రాయించండి.