మాయు-చాన్ ఎప్పుడు సాతో-సాన్ అయింది?

ఇద్దరు హైస్కూలు అమ్మాయిల స్నేహం మీద తీసిన 22 నిమిషాల జపనీస్ సినిమా గురించి పోయిన నెల ఇక్కడే నాలుగు ముక్కలు రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే, కాబట్టి మిగతా ప్రశ్నలవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడమ్, మీరు రాశారని ఆ సినిమా చూశాను. క్లాసంతా ఒక అమ్మాయితో మాట్లాడటం మానేస్తుంది, చిన్నప్పటి ఫ్రెండు కూడా మానేస్తుంది, అంతవరకు అర్థమైంది. కానీ బూట్లు మార్చుకునే చోట ఆ ఫ్రెండు "రేపు కలుద్దాం" అంటే ఈ అమ్మాయి కొయ్యబారిపోయిందెందుకు? మంచి మాటే కదా!

జవాబు: సబ్‌టైటిల్ చదివితే మంచి మాటేనండీ. ఈసారి చెవి పెట్టి వినండి. అప్పటిదాకా ఈ అమ్మాయిని "మాయు-చాన్" అని పిలిచిన ఫ్రెండు అక్కడ "సాతో-సాన్, మాత అశిత (రేపు కలుద్దాం)" అంటుంది. సాతో మాయు ఇంటిపేరు. చాన్ అనేది చిన్నపిల్లల పేర్లకీ దగ్గరివాళ్ల పేర్లకీ ముద్దుగా తగిలించేది, సాన్ మన 'గారు' లాంటిది. పదేళ్లుగా 'ఏమే' అన్న స్నేహితురాలు ఓ సాయంత్రం ఇంటిపేరు పెట్టి 'గారూ, మీరు' అందనుకోండి, తిట్టినా అంత తగలదు. పక్కన ఇంకో ముగ్గురు బడి లోపల వేసుకునే తెల్లజోళ్లు విప్పి అరల్లో పెడుతున్నారు చూశారా, ఆ పిలుపు వాళ్లు వినాలనే. మొదటిసారి నాకూ తట్టలేదు, వెనక్కి జరిపి విన్నాను.

ప్రశ్న: అక్కా, ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. దీన్ని కూడా వేధింపు అంటారా? టీచరుకి చెప్పి వేరే సెక్షన్‌కి మారిపోవచ్చు కదా?

జవాబు: అంటారు తమ్ముడూ, చట్టమే అంటుంది. 2011లో జపాన్‌లో షిగా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది)లోని ఓత్సులో ఒక స్కూలు కుర్రాడు ఆత్మహత్య చేసుకున్నాక దేశమంతా అట్టుడికింది, 2013లో వేధింపుల నివారణకు ప్రత్యేక చట్టం వచ్చింది. అందులో ముఖ్యమైన కొలత, పడ్డవాళ్లకి బాధ కలిగిందా లేదా అని. ఇలా మనిషిని లేనట్టు చూడటాన్ని అక్కడి కుర్రకారు 'షికాతో' అంటారు. హనఫుడా అని నెలకో పువ్వు బొమ్మ చొప్పున ఉండే జపనీస్ పేకలో పదో నెల ముక్క మీద జింక మొహం పక్కకి తిప్పుకుని ఉంటుంది, ఆ 'పదో జింక' నుంచే మాట పుట్టిందని చెబుతారు.

ఇక సెక్షన్ మారడమంటావా, ఏప్రిల్‌లో కట్టిన తరగతి మామూలుగా మార్చి దాకా అదే గుంపు. చాలా పాఠాలు ఆ గదిలోనే, ఆ గది ఊడ్చుకునేదీ వాళ్లే, సాయంత్రం బడిలోని ఆటపాటల క్లబ్బులో తరచూ మళ్లీ అవే మొహాలు. దానికితోడు 'గాలిని చదవడం' అని ఒకటుంది, అంటే ఎవరూ నోరు తెరిచి చెప్పకుండానే చుట్టూ ఉన్నవాళ్లు ఏమనుకుంటున్నారో పసిగట్టి నడుచుకోవడం. అది చేతకానివాణ్ని 'కేవై' ('గాలి చదవలేడు' అనే జపనీస్ మాటల పొడి అక్షరాలు) అని వెక్కిరించడం 2007 ప్రాంతంలో పెద్ద ఫ్యాషనైంది. నన్నడిగితే ఆ ఫ్రెండు చెడ్డది కాదు, గాలి మరీ బాగా చదువుతుంది, అదే దాని ఖర్మ. ఈ టెన్షన్ పడలేక బడికే వెళ్లడం మానేసేవాళ్లూ ఉన్నారు. 2023-24లో ప్రాథమిక, మిడిల్ స్కూళ్లలో 30 రోజులు, అంతకు మించి బడికి దూరంగా ఉన్న పిల్లలు 3,46,482 మంది. అందరిదీ వేధింపుల కథ కాదులే, నిద్ర పట్టనివాళ్లు, చదువు అందనివాళ్లు, దేనిమీదా మనసు నిలవనివాళ్లు, అన్ని రకాలూ ఉంటారు.

ప్రశ్న: కెమెరా ఫోను తెర మీదే అంతసేపు పెట్టారేంటండీ? బోరు కొట్టింది.

జవాబు: నాకు సినిమా మొత్తంలో నచ్చింది అదే! అక్కడ అందరూ వాడేది మన వాట్సాప్ లాంటి లైన్ యాప్, 2011లో వచ్చింది. చదివిన మెసేజ్ పక్కన 'కిదొకు', అంటే 'చదివారు' అని పడుతుంది, గ్రూపులో అయితే దాని పక్కన ఎంతమంది చదివారో అంకె కూడా వస్తుంది, పేర్లు మాత్రం రావు. మాయుతో కలిపి గ్రూపులో ఏడుగురు. "రేపు నేనూ రావచ్చా?" అని పెట్టింది. అంకె గబగబా 5 దాకా ఎక్కి ఆగిపోయింది. ఆ మిగిలిన ఒక్కరూ తన ఫ్రెండేనని, చూడలేదు కాబట్టే పలకలేదని ఈ పిచ్చిపిల్ల నమ్మకం. అన్నం తినొస్తుంది, స్నానం చేసొస్తుంది, ఇంకా 5. పడుకోబోతూ చూస్తే 6. ఒక్కరూ మాట్లాడలేదు. అక్కడ పియానో వాయించారు చూడండి, అదొక్కటే చిరాకు, ఆ అంకె చాలదూ?

ప్రశ్న: చివర్లో రైల్వే గేటు దగ్గర రైలు హోరులో ఆ ఫ్రెండు ఏదో అంటుంది, సబ్‌టైటిల్ పడలేదు. ఏమంది?

జవాబు: డైరెక్టరు కావాలనే విననివ్వలేదు. పెదవులు చూడండి. 'సాతో' అనడానికి పెదవులు కలవక్కర్లేదు, 'మాయు' అనాలంటే కలవాలి. ఆఖరి బోగీ దాటుతుండగా ఒక్క క్షణం కలిశాయి, నాలుగుసార్లు ఆపి మరీ చూశాను. అయితే 'మాత అశిత' అన్నా పెదవులు కలుస్తాయిగా అని మా అబ్బాయి వాదన. వాడితో ఇంకా తేలలేదు.